లీజెలోట్టె ఉత్తరాలు: రాజకీయ వివాహమూ, వాస్తవికతా

రాజకుమార్తెల జీవితాల విషయంలో మనవాళ్ళలో రెండు రకాల ధోరణులు కనిపిస్తున్నాయి. మొదటిది జాలి. రాజ్యంకోసం ఆమెను ఇష్టంలేని పెళ్ళికి బలిపెట్టారనీ, బంగారు పంజరంలో చిలకలా ఆమె కుమిలిపోయిందనీ రాసిన జీవితకథలకూ, చారిత్రక నవలలకూ, సినిమాలకూ లోటులేదు. రెండవది తిరస్కారం. ఇది మన శిబిరంలో ఎక్కువ. రాజవంశాలవాళ్ళ కష్టసుఖాలతో మనకేమిటి పని, పీడించినవాళ్ళ కన్నీళ్ళు తుడవడానికా మనం సాహిత్యం చదివేది అని ఈ ధోరణివారు అడుగుతారు. ఒక గోష్ఠి ముగిసిన తరవాత ఒక మిత్రుడు, ఆయన కూడా అధ్యాపకుడే, నాతో సరిగ్గా ఈ మాటే అన్నాడు. ఆయన ప్రశ్న తేలికగా తోసివేయదగింది కాదు. దానికి సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ రెండు ధోరణులూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. ఆ స్త్రీ తానుగా ఏమైనా రాసివుంటే దాన్ని రెండూ చదవవు. జాలిపడేవాడికి ఆమె కన్నీరు చాలు. తిరస్కరించేవాడికి ఆమె పుట్టుక చాలు. రాసిన మాటలను చదివి తూచడం విమర్శకుడి మొదటి పని కనుక, నేను ఒకే ఒక రాజకుమార్తెను, ఆమె రాసిన ఉత్తరాలను తీసుకుంటాను. ఆమె పేరు ఎలిజబెత్ షార్లొట్. జర్మన్లు ఆమెను ముద్దుగా లీజెలోట్టె అంటారు. 1652లో హైడెల్‌బెర్గ్‌లో పుట్టి, 1722లో పారిస్ దగ్గర సేంట్‌క్లూలో చనిపోయింది. ఆమె జీవితకాలంలో రాసిన ఉత్తరాలు అరవైవేల దాకా ఉంటాయని పండితుల అంచనా. మిగిలినవి అందులో సుమారు పదో వంతు. అదైనా చిన్న మొత్తం కాదు.

ముందు పెళ్ళి సంగతి చూద్దాం. ఆమె తండ్రి కార్ల్ లూడ్‌విగ్ రైన్ నది ఒడ్డునున్న పలాటినేట్ రాజ్యానికి ఎలెక్టర్, అంటే జర్మన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కుగల కొద్దిమంది ప్రభువులలో ఒకడు. పేరు పెద్దదే. కాని 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పయ్యేళ్ళ యుద్ధంలో ఆ రాజ్యం నేలమట్టమైంది. ఊళ్ళు పాడుపడ్డాయి, జనం చెదిరిపోయారు. పడమర పక్కన పద్నాలుగో లూయీ ఏలుబడిలో ఫ్రాన్సు నానాటికీ బలుస్తున్నది. బలహీనుడైన ప్రభువు బలవంతుడైన పొరుగువాడి నుంచి రక్షణ కొనుక్కోవాలి. కొనడానికి అతని దగ్గర డబ్బులేదు, సైన్యం లేదు, ఒక కూతురు ఉంది.

ఫ్రాన్సు రాజు తమ్ముడు, ఓర్లియాన్ ప్రభువు ఫిలిప్, మొదటి భార్య 1670లో చనిపోవడంవల్ల విధురుడుగా ఉన్నాడు. బంధువర్గంలోని ఆన్నా గోంజాగా అనే ఆమె మధ్యవర్తిగా సంబంధం కుదిర్చింది. వరుడికి 31 ఏళ్ళు, వధువుకు 19. ఒకరినొకరు చూసుకోలేదు. ఒక అడ్డు మాత్రం ఉంది. పిల్ల ప్రొటెస్టంటు, వరుడు కాథలిక్కు. కాబట్టి పిల్ల మతం మార్చారు. తన ప్రొటెస్టంటు ప్రజల ముందూ, పొరుగు ప్రభువుల ముందూ తండ్రి ఏమీ ఎరగనట్టు నటించాడు, అంతా అతనికి తెలిసే జరిగింది. 1671 నవంబరులో మెట్జ్ పట్టణంలో ఆమె కొత్త మతం పుచ్చుకున్నది. ఆ వెంటనే వరుడు లేకుండానే, అతని తరఫున మరొకరు నిలబడగా, పెళ్ళి జరిగిపోయింది. ఆ తరవాతనే భర్త ముఖం చూసింది.

పాలకవంశాలలో వివాహం రాజకీయ చర్య అనీ, దాన్ని నిర్ణయించేది వంశప్రయోజనమేగాని వ్యక్తుల ఇష్టాయిష్టాలు కావనీ ఏంగెల్సు 1884లో కుటుంబం పుట్టుకను గురించిన తన గ్రంథంలో వివరించాడు. ఆ మాట మనలో చాలామందికి కంఠస్థమే. అయితే సూత్రం కంఠస్థం కావడం వేరు, అది ఒక మనిషి బ్రతుకులో ఎలా పనిచేసిందో చూడడం వేరు. లీజెలోట్టె విషయంలో అది ఎలా పనిచేసిందో చూడండి.

రక్షణకోసం ఇచ్చిన కూతురు రక్షణ తేలేదు. పెళ్ళి జరిగిన మూడేళ్ళకే, 1674లో, ఫ్రెంచి సేనాని ట్యురెన్ పలాటినేట్ గ్రామాలను తగలబెట్టాడు. 1680లో తండ్రి చనిపోయాడు. 1685లో అన్న సంతానం లేకుండా చనిపోయాడు. అప్పటిదాకా రాజు అంతఃపురంలో ఒక బంధువుగా ఉన్న స్త్రీ ఒక్కరోజులో దస్తావేజుగా మారిపోయింది. మా మరదలికి పుట్టింటి ఆస్తిలో వాటా రావాలి అన్నాడు లూయీ. ఆమె అడగలేదు. ఆమెకు అడిగే హక్కు ఉందో లేదో ఆమెను ఎవరూ సంప్రదించలేదు. 1688లో ఫ్రెంచి సైన్యం రైన్ దాటింది. ఆ యుద్ధానికి చూపిన కారణాల్లో ఆమె వారసత్వం ఒకటి. మరుసటి ఏడు, 1689లో, యుద్ధమంత్రి లువ్వా ఆజ్ఞ ప్రకారం హైడెల్‌బెర్గ్‌ను కాల్చారు, మన్‌హైమ్‌ను కూల్చారు, స్పేయర్‌ను, వోర్మ్స్‌ను బూడిదచేశారు. 1693లో హైడెల్‌బెర్గ్‌మీద మళ్ళీ పడ్డారు. యుద్ధం 1697లో రిస్విక్ సంధితో ముగిసింది. ఆ కోట ఈనాటికీ శిథిలంగానే నిలిచి ఉంది.

1689 మార్చిలో ఆమె తన మేనత్త, హానోవర్ ప్రభువు భార్య సోఫీకి ఒక ఉత్తరం రాసింది. నా అభిప్రాయంలో ఈ ఉత్తరాలన్నిటికీ ఇది గుండెకాయ. స్వదేశం నాశనమవుతున్నందుకు ఏడుస్తున్నానని మాత్రమే చెప్పి ఊరుకుంటే అది మామూలు ఉత్తరం. తన పేరు చెప్పి ఆ పని చేస్తున్నారే అన్నది ఆమె బాధ. కన్ను మూతపడగానే తాను హైడెల్‌బెర్గ్‌లోనో మన్‌హైమ్‌లోనో ఉన్నట్టూ, ఆ విధ్వంసమంతా కళ్ళారా చూస్తున్నట్టూ అనిపించి ఉలిక్కిపడి లేస్తాననీ, ఆ తరవాత చాలాసేపు నిద్రపట్టదనీ చెబుతుంది. మన్‌హైమ్ ఆమె తండ్రి ఎంతో శ్రమపడి మళ్ళీ కట్టించిన ఊరు. తన చిన్నతనంలో అది ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో తలుచుకుంటుంది.

ఇందులో రాజకీయ పరిభాష ఒక్క ముక్క లేదు. సామ్రాజ్యం, దురాక్రమణ వంటి మాటలు లేవు. అయినా రాజకీయ వివాహం అంటే ఏమిటో ఇంతకంటె స్పష్టంగా చెప్పిన వాక్యాలు నేను ఎక్కువ చూడలేదు. వివాహంలో స్త్రీ సొత్తు అనే మాట మనం తరచు వాడుతుంటాం. ఇక్కడ జరిగింది అంతకంటె ఘోరం. సొత్తు నోరులేనిది. దాన్ని చూపి ఇంకొకరి ఇల్లు కాలిస్తే దానికి బాధ తెలియదు. లీజెలోట్టెకు తెలిసింది. తన ప్రజలను కాల్చే చేతికి తన పేరే ఆయుధమైందని తెలిసీ, ఆ కాల్పించినవాడి బల్లమీదనే భోజనం చేయవలసివచ్చింది. ఏడ్చినందుకు కూడా దర్బారులో తప్పుపట్టారు.

ఇక ఈ ఉత్తరాల రచనను గురించి. నేను చదివింది ఇంగ్లీషు అనువాదాలలో. మూలంలోని యాసను, జర్మన్ వాక్యంలో దొర్లే ఫ్రెంచి మాటల రుచిని అనువాదం తేలేదు. అయినా కొన్ని గుణాలు అనువాదంలోనూ నిలుస్తాయి. ఆనాటి దర్బారు భాష అలంకారాలతో, వంకరమాటలతో, పొగడ్తలతో నిండినది. ఈమె దాన్ని వాడదు. వేర్సాయి మేడల్లోని కంపును కంపనే అంటుంది. తన లావును, తన మొరటు ముఖాన్ని తానే వెక్కిరించుకుంటుంది. ఫ్రెంచి వంటకాలకు మొహంమొత్తి జర్మన్ పులిసిన కాబేజీని, సాసేజీలను తలుచుకుంటుంది. ముసలితనంలో రాసిన ఒక ఉత్తరంలో, చిన్నప్పుడు తెల్లవారుజామున హైడెల్‌బెర్గ్ కొండమీద చేతిలో రొట్టెముక్కతో చెర్రీపండ్లు తిన్న సంగతి చెబుతుంది. ఆ పండ్ల రుచి యాభై ఏళ్ళ రాజభోజనంలో దొరకలేదని పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ భాష ఎక్కడినుంచి వచ్చింది? స్వభావం అనడం సులభం. నేను అంతటితో తృప్తిపడను. ఆమె వివాహస్థితే ఆ భాషను సృష్టించింది. భర్త మనసు తన పురుష మిత్రులమీద. వాళ్ళు చెప్పిందే ఆ ఇంట్లో వేదం. ముగ్గురు పిల్లలు పుట్టిన తరవాత, 1676 తరవాత, భార్యాభర్తలు పడకలు వేరుచేసుకున్నారు. దర్బారులో ఆమె పరాయిది, మతంలో లోపల ఇంకా ప్రొటెస్టంటు, రోజూ జర్మన్ బైబిలు చదువుకునేది. మాట్లాడే మనిషి లేదు. మిగిలిన దారి కాగితం ఒక్కటే. మేనత్తకు, సవతి చెల్లెళ్ళకు, కూతురికి వారానికి వంతులు వేసుకుని రాసేది. కొన్ని ఉత్తరాలు ఇరవై పేజీలు దాటేవి.

ఆ కాగితం కూడా ఆమె సొంతం కాదు. తపాలాలో ఉత్తరాలు విప్పి చదివే రహస్య విభాగం లూయీ ప్రభుత్వంలో ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుచేత నమ్మకస్తులైన ప్రయాణికులు దొరికితే వాళ్ళ చేత పంపేది. దొరకనప్పుడు తపాలాలోనే పంపుతూ, విప్పి చదివే మంత్రి చదువుకోవాలనే ఉద్దేశంతోనే అతన్ని రెండు తిట్లు తిట్టేది. పోలీసు నిఘా కింద రాయడం ఎలాంటిదో అనుభవం మీద తెలిసిన సాహిత్యోద్యమం మనది. ఈ ఒక్క విషయంలో ఆ రాజకుమార్తె మనకు మరీ దూరపు మనిషి కాదు.

ఇంతవరకూ చదివి జాలిధోరణివారు సంతోషించవచ్చు. కాని ఉత్తరాలు ఇక్కడ ఆగవు. తన పుట్టుకను గురించి ఈమెకున్న గర్వానికి హద్దులేదు. తండ్రి రెండవ పెళ్ళి సంతానమైన సవతి చెల్లెళ్ళను ఎంతో ప్రేమించింది నిజమే. కాని సమానంకాని వంశాల మధ్య సంబంధం అంటే ఆమెకు అసహ్యం. 1692లో రాజు తన అక్రమసంతానమైన కూతురిని ఈమె కొడుక్కి కట్టబెట్టాడు. కొడుకు ఒప్పుకున్నాడని తెలిసి, దర్బారులో అందరూ చూస్తుండగా ఆమె వాడి చెంప ఛెళ్ళుమనిపించిందని సేన్‌సిమోన్ తన జ్ఞాపకాలలో వర్ణించాడు. ఈ చెంపదెబ్బను తల్లి తిరుగుబాటుగా వర్ణించేవాళ్ళున్నారు. అది తిరుగుబాటు కాదు. కొడుకును సరుకుగా మార్చారని ఆమె కోపం తెచ్చుకోలేదు. మారకంలో తక్కువరకం సరుకు అంటగట్టారని కోపం తెచ్చుకున్నది. ఇందుకు సాక్ష్యం మరో పెళ్ళి. 1698లో ఆమె కూతుర్ని లొర్రేన్ ప్రభువుకు ఇచ్చారు. అదీ రిస్విక్ సంధి వెంట వచ్చిన రాజకీయ సంబంధమే. వరుడు కులీనుడు కనుక తల్లి సంతోషించింది. తనను నలిపిన యంత్రంలో కూతుర్ని కూడా వేసి, యంత్రం బాగానే తిరుగుతున్నదని తృప్తిపడింది.

ఇంకొక లోపం దీనికంటె పెద్దది. కనిపించిన ప్రతి చెడుకూ ఆమె ఒక మనిషిని వెతుకుతుంది. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ మదామ్ ద మేంతెనో. లూయీ ఆమెను 1683 ప్రాంతంలో రహస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. మన వరసల్లో చెప్పాలంటే లీజెలోట్టెకు ఆమె బయటికి చెప్పరాని తోడికోడలు. 1685లో ప్రొటెస్టంట్ల మతస్వేచ్ఛను రద్దుచేస్తే కారణం ఆ ముసలిది. రాజు ముఖం చాటువేస్తే కారణం ఆ ముసలిది. 1709 కరువులో ధాన్యం ప్రియమైతే, ఆమే చవకగా కొని దాచి అమ్ముకున్నదని ఆరోపణ. ఆ ఏటి కరువుకు అసలు కారణాలు వేరు. జనవరిలో పడిన అసాధారణమైన మంచు విత్తిన పైరును చంపింది. 1701 నుంచి సాగుతున్న స్పానిష్ వారసత్వ యుద్ధం ఖజానాను, పల్లెలను పీల్చివేసింది. ముఖ్యమైన భూమిపన్ను కులీనులకు లేదు, భారమంతా రైతుమీద పడింది. ఆ వ్యవస్థలోంచి వచ్చే భరణంతోనే లీజెలోట్టె వంటశాల నడుస్తున్నది. ఆమె ఆ వైపు చూడలేదు. చూస్తే ఆమె ఆమెగా మిగలదు.

అయినా, అదే 1709 మార్చిలో ఆమె రాసిన మరో ఉత్తరం ఉంది. పారిస్‌లో ఒక స్త్రీ దుకాణంలో రొట్టె దొంగిలించింది. దుకాణదారుడు పట్టుకున్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు బట్టలేక, తిండిలేక ఉన్నారని ఆమె ఏడ్చింది. అధికారి నమ్మక, ఆమె వెంట ఇంటికి వెళ్ళాడు. పిల్లలు చింపిరి గుడ్డల్లో మూలన ముడుచుకుని ఉన్నారు. మీ నాన్న ఏడీ అని పెద్దవాణ్ణి అడిగాడు. తలుపు వెనకాల ఉన్నాడన్నాడు పిల్లవాడు. తలుపు వెనక తండ్రి ఉరివేసుకుని వేలాడుతున్నాడు. ఇంతే ఆమె చెప్పింది.

ఆ కథనంలో వ్యాఖ్యానం దాదాపు లేదు. దేవుడి శిక్ష అనలేదు, దొంగతనం పాపం అనలేదు, దానధర్మాలను గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లవాడి జవాబు దగ్గర ఆగింది. ఆ చలికాలమూ దాని వెంట వచ్చిన కరువూ కలిసి ఫ్రాన్సులో సుమారు ఆరు లక్షల ప్రాణాలు తీశాయని చరిత్రకారుల అంచనా. ఆ సంఖ్యకు ఒక తలుపు, ఒక పిల్లవాడు, ఒక రొట్టె ఇక్కడ దొరుకుతాయి.

1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో బాల్జాక్‌ను గురించి ఏంగెల్సు అన్న మాట మనం ఎరుగుదుం. బాల్జాక్ రాజవంశ పక్షపాతి. అయినా తన వర్గసానుభూతికి వ్యతిరేకంగా, ఆ వర్గం పతనాన్ని చూపక తప్పలేదు. వాస్తవికత సాధించిన విజయాల్లో అదొకటి అని ఏంగెల్సు అభిప్రాయం. లీజెలోట్టెకు ఈ సూత్రం వర్తిస్తుందా? కొంతవరకే వర్తిస్తుందని నా సమాధానం. బాల్జాక్ నవలాకారుడు. పాత్రలను కల్పించి, సంబంధాలను పేర్చి, డబ్బు మనుషులను ఎలా నడుపుతుందో మొత్తంగా చూపాడు. లీజెలోట్టె ముక్కలుగా చూసింది. ముక్కకూ ముక్కకూ లంకె ఆమె వేయలేదు. ఆమె తన పేరున కాలిన ఊళ్ళు చూసింది, రొట్టె దొంగిలించిన తల్లిని చూసింది. రెండింటి వెనకా ఉన్నది ఒకే రాజ్యవ్యవస్థ అని చూడలేదు. ఆ లంకె వేయడం పాఠకుడి పని, విమర్శకుడి పని.

ఈ హద్దు ఎక్కడుందో మరొక ఉత్తరం చెబుతుంది. 1719–20లో జాన్ లా కాగితపు డబ్బు, వాటాల జూదం పారిస్‌ను ఊపివేశాయి. అప్పటికి లూయీ చనిపోయి, ఈమె కొడుకే రాజప్రతినిధిగా రాజ్యం చేస్తున్నాడు. నాటకశాలలో వజ్రాలు ధరించి మెరిసిపోతున్న ఒకామెను చూసి జనం ఎవరా అని విస్తుపోగా, ఆమె వాటాలలో డబ్బు చేసుకున్న ఒక వంటమనిషి అని తేలిందట. లీజెలోట్టె ఈ కథ చెప్పి నవ్వుతుంది. రొట్టె దొంగిలించిన స్త్రీకి సానుభూతి, వజ్రాలు పెట్టుకున్న వంటమనిషికి హేళన. పేదది పేదదిగా ఉన్నంతకాలం ఆమె మనసు కరుగుతుంది, మెట్టు ఎక్కగానే బిగుసుకుంటుంది. కరుణకు వర్గస్వభావం ఉంటుందంటే కొందరు మిత్రులు చిన్నబుచ్చుకుంటారు. వారు ఈ రెండు ఉత్తరాలను పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా మనవి.

ఇప్పుడు నా మిత్రుడి ప్రశ్నకు వస్తాను. పీడించినవాళ్ళ కన్నీళ్ళు మనకెందుకు? మన్‌హైమ్‌లో ఇల్లు కాలి చంటిబిడ్డతో రోడ్డున పడ్డ రైతుస్త్రీకి చదువులేదు, కాగితం లేదు, ఉత్తరం విప్పి చదివేంత ప్రాముఖ్యం ఇచ్చే మంత్రీ లేడు. రాజకుమార్తె ఉత్తరాలు వేలసంఖ్యలో మిగిలాయి, ఆమెవి ఒక్కటీ మిగలలేదు. ఈ అన్యాయాన్ని మరిచిపోయి లీజెలోట్టెమీద జాలిపడడం నేరమే. అంతవరకు నా మిత్రుడు చెప్పింది నిజం. కాని ఆ ఉత్తరాలను అవతల పారేస్తే రైతుస్త్రీకి న్యాయం జరుగుతుందా? ఆమె ఇంటిని ఏ సాకుతో కాల్చారో, ఆ సాకు ఎంత బూటకమో, ఆ సాకుగా వాడబడిన మనిషే సాక్ష్యం చెబుతున్నది. శత్రువు ఇంట్లోంచి వచ్చిన సాక్ష్యం అది. పారేసేవాడు ఎవరి కేసును బలహీనపరుస్తున్నాడో ఆలోచించాలి.

రాజకీయ వివాహాలను ఆపింది రాజకుమార్తెల కన్నీళ్ళు కావనే సంగతి కూడా ఈ వంశచరిత్రలోనే ఉంది. లీజెలోట్టె ఉత్తరాలలోంచి ఏరిన భాగాలు మొదట అచ్చయింది 1788లో. మరుసటి ఏడే ఫ్రెంచి విప్లవం. 1793 అక్టోబరులో గిలొటీన్ కింద తల ఉంచిన మేరీ ఆంట్వనెట్, ఆమె కూడా రాజకీయ వివాహంగా ఫ్రాన్సుకు వచ్చినదే, లీజెలోట్టె కూతురి మనవరాలు. రాజు మరణశిక్షకు ఓటువేసి, నవంబరులో తానూ అదే దారిన పోయిన ఫిలిప్ ఎగాలితే, లీజెలోట్టె కొడుకు వంశంలోని మునిమనవడి తరంవాడు. తాను వెక్కిరించిన వంటమనిషి తరగతివాళ్ళు వీధుల్లోకి వచ్చి చేసిన పని అది. ఆ పని లీజెలోట్టె ఉత్తరాలవల్ల జరగలేదు. కాని అది ఎందుకు జరగవలసివచ్చిందో తెలుసుకోవడానికి ఆ ఉత్తరాలు పనికివస్తాయి.

కాబట్టి అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నేను చెప్పేది ఇది. ఒక రచనను రాసినవారి వర్గాన్నిబట్టి చదవకుండానే తీర్పుచెప్పడం మార్క్సిజం కాదు, సోమరితనం. రాసినవారి కష్టాన్నిబట్టి వర్గాన్ని మరిచిపోవడం మానవత కాదు, అదీ సోమరితనమే. రచయిత్రి ఏమి చూసింది, ఏమి చూడలేకపోయింది, ఎందుచేత చూడలేకపోయింది అనే మూడు ప్రశ్నలూ వరసగా వేసుకోవాలి. లీజెలోట్టె దగ్గర మొదటి ప్రశ్నకు పుష్కలంగా సమాధానం దొరుకుతుంది. రెండవదానికి ఆమె మేంతెనోమీద కురిపించిన తిట్లే సమాధానం. మూడవదానికి సమాధానం ఆమె ఉత్తరాల్లో ఉండదు. ఆమె బల్లమీదికి రొట్టె ఎక్కడినుంచి వచ్చిందో ఆ లెక్కల్లో ఉంటుంది. ఆ లెక్కలను, ఈ ఉత్తరాలను కలిపి చదవడం మన విమర్శ నేర్చుకోవలసి ఉన్నది.